దాచిన విద్య, మరచిన పేరు

మధుర మీనాక్షి ఆలయానికి తూర్పు దిక్కున పుదుమండపం ఉంది. దానిని 17వ శతాబ్దంలో తిరుమల నాయకుడు కట్టించాడు. అందులోని స్తంభాలకు మధుర నాయక రాజుల నిలువెత్తు శిలావిగ్రహాలు పది ఉన్నాయి. తిరుమల నాయకుడు రాణులతో కూడి, చేతులు జోడించి నిలిచి ఉంటాడు. శిల్పి ఆయన బొజ్జను కూడా దాచలేదు. ఉన్న రూపాన్ని ఉన్నట్లే చెక్కాడు. మండపానికి వెళ్ళినవారు ఈ రాజు ఎవరని అడిగితే ఎవరైనా చెబుతారు. చెక్కినది ఎవరని అడిగితే మాత్రం చెప్పేవారు అరుదు.

మనుషుల రూపాలను చిత్రించే కళలో ఇది పాత అన్యాయం. రూపం ఎవరిదో లోకానికి గుర్తుంటుంది. దానిని నిలిపిన చేయి ఎవరిదో గుర్తుండదు. ఇలా మరుగున పడినవారిలో మధురకు చెందిన చిత్రకారుడు అళగిరి నాయుడు ఒకడు. ఆయన పేరును తిరిగి తలచుకోవడం తమిళనాట ఉన్న తెలుగు పిల్లలకు అవసరం. అది గొప్పలు చెప్పుకోవడానికి కాదు, ఒక పాఠం నేర్చుకోవడానికి.

విజయనగర సామ్రాజ్య కాలంలోనూ, తరువాత నాయక రాజుల కాలంలోనూ అనేక తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలి వచ్చాయి. వారిలో సైనికులు, రైతులు, నేతపనివారు ఉన్నారు. చిత్రకారులూ ఉన్నారు. తంజావూరు చిత్రాలుగా ప్రసిద్ధి పొందిన బంగారురేకు బొమ్మలను వేసినవారిలో తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల రాజులు, మధుర ప్రాంతపు నాయుళ్ళు ముఖ్యులు. చెక్కపలక మీద గుడ్డ అతికించి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూసి, నగలు ఉన్నచోట ఉబ్బెత్తుగా మలచి, బంగారురేకు అంటించి, గాజురాళ్ళు పొదగడం వారి పని. ఈ విద్యకు పుస్తకాలు లేవు. తండ్రి చేయి చూసి కొడుకు నేర్చుకునేవాడు.

అళగిరి నాయుడు పేరులోనే ఆ వలస కథ ఇమిడి ఉంది. అళగరు మధుర దగ్గరి కొండ పాదాన వెలసిన దేవుడు. నాయుడు అన్నది తెలుగువారి మాట. వచ్చిన నేల దేవుణ్ణి పేరులో నిలుపుకొన్నారు, వెనుకటి నేల గుర్తును పేరు చివర ఉంచుకున్నారు. ఇటువంటి పేర్లు ఆ ప్రాంతపు తెలుగు ఇళ్ళలో కొల్లలు.

1829 నుండి 1846 వరకు తిరువాన్కూరును పాలించిన స్వాతి తిరునాళ్ మహారాజు సంగీతసాహిత్యాలకు పెట్టింది పేరు. ఆయన తెలుగులో కూడా కీర్తనలు రచించాడు. ఆ రాజు ఆదరణ పొందిన కళాకారులలో అళగిరి నాయుడు ఒకడు. ఆ కాలంలో దక్షిణదేశంలోని మేటి చిత్రకారులలో ఒకడుగా ఆయనకు కీర్తి ఉండేది. కిళిమానూరు వంశానికి చెందిన రాజరాజవర్మ ఆయన వద్ద చిత్రకళ అభ్యసించాడు. ఆ రాజరాజవర్మ మేనల్లుడే రాజా రవివర్మ.

1848లో పుట్టిన రవివర్మ మేనమామ వద్దనే తొలి పాఠాలు నేర్చుకున్నాడు. అంటే భారతదేశమంతటా ఇంటింటికీ పరిచయమైన చిత్రకారుని గురుపరంపరలో మధుర నాయుడు ఒకడు ఉన్నాడన్నమాట. రవివర్మ పేరు తెలియని విద్యార్థి ఉండడు. ఆయన గురువుకు గురువైనవాని పేరు తెలిసిన విద్యార్థి అరుదు.

ఈ కథలో రెండవ భాగం ఇంకా ఆలోచింపదగినది. 1862లో పద్నాలుగేండ్ల రవివర్మ తిరువనంతపురం చేరాడు. అప్పుడు రాజు ఆయిల్యం తిరునాళ్. ఆయన ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకరు. కొన్ని పుస్తకాలలో ఈయన పేరు రామస్వామి నాయుడు అని కనిపిస్తుంది. ఐరోపా నుండి వచ్చిన తైలవర్ణ చిత్రణ అప్పటికి ఈ దేశంలో కొత్త విద్య. నీటితో కలిపిన రంగులు త్వరగా ఆరిపోతాయి. అవిసెనూనెతో కలిపిన రంగులు నెమ్మదిగా ఆరుతాయి. అందువల్ల వెలుగునీడలను ఒకదానిలో ఒకటి కలిపి, చర్మపు నిగనిగను, పట్టు మెరుపును, కంటి తడిని కూడా చూపించవచ్చు. ఈ రహస్యాన్ని బాలునికి చెప్పడానికి రామస్వామి నాయకరు ఒప్పుకోలేదని రవివర్మ జీవితచరిత్రలు చెబుతాయి. 1868లో రాజకుటుంబ చిత్రాలు వేయడానికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ కూడా నేర్పలేదు. తాను పని చేస్తూండగా చూడనిచ్చాడు, అంతే. నాయకరు శిష్యుడు ఆరుముగం పిళ్ళై మాత్రం గురువుకు తెలియకుండా తనకు తెలిసినది చెప్పాడంటారు. మిగిలినదంతా రవివర్మ చూసి, చేసి, చెరిపి, మళ్ళీ చేసి నేర్చుకున్నాడు. 1873లో మద్రాసు చిత్రకళా ప్రదర్శనలో ఆయనకు గవర్నరు బంగారు పతకం లభించింది. అదే సంవత్సరం వియన్నా ప్రదర్శనలోనూ బహుమతి వచ్చింది.

రామస్వామి నాయకరు చేసినది తప్పా? తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆస్థాన చిత్రకారునికి భూములు లేవు, సేనలు లేవు. చేతిలోని విద్యే అతని ఆస్తి. రాజుకు దగ్గరి బంధుత్వం గల యువకుడు ఆ విద్య నేర్చుకుంటే తన కూటికి ఎసరు వస్తుందని భయపడటం సహజం. జెన్సన్‌ను క్షమించి నాయకరును మాత్రం నిందించడం న్యాయం కాదు.

అయినా ఫలితం మాత్రం కండ్లముందు ఉంది. దాచినందువల్ల ఆ విద్య ఆగలేదు. దాచినవాని పేరే ఆగిపోయింది. నేడు నాయకరును లోకం ఆయన వేసిన బొమ్మలను బట్టి కాక, ఆయన చెప్పని పాఠాన్ని బట్టి గుర్తు పెట్టుకుంది. ఒక కళాకారునికి ఇంతకంటె కష్టం ఏముంటుంది? రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పి తన చిత్రాలను అచ్చు వేయించాడు. రాజభవనాల గోడలమీది లక్ష్మీ సరస్వతులు పేదవాని ఇంటి గోడ మీదికి వచ్చారు. పంచిన కళ నిలిచింది. చెబితే తరగనిది, చెప్పకుంటే మిగలనిది విద్య ఒక్కటే.

ఈ మాటకు కోయంబత్తూరులో మరొక సాక్ష్యం ఉంది. ఆ జిల్లాలోని కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు యంత్రవిద్యలో అసమానుడు. ఆయన తాను నేర్చినదానిని తన కార్ఖానా గోడల మధ్య బంధించి ఉంచలేదు. 1945లో ఆయన కృషితో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ వెలసింది. 1974లో ఆయన మరణించినా ఆ ఊరి పరిశ్రమలలో ఆయన పేరు చెప్పుకోనివారు లేరు. మధుర చిత్రకారుని బ్రతుకు వేరు, కోయంబత్తూరు యంత్రకారుని బ్రతుకు వేరు అని వాదించవచ్చు. నిజమే, ఒకరు రాజు దయపై బ్రతికినవారు, మరొకరు సొంత వ్యాపారం గలవారు. కాని విద్య పంచితేనే పేరు నిలుస్తుందన్న నియమం ఇద్దరికీ ఒకటే.

భాష విషయంలోనూ ఈ నియమమే వర్తిస్తుంది. మధుర, కోయంబత్తూరు ప్రాంతాల పాత తెలుగు పల్లెలలో అవ్వలు, తాతలు తెలుగు మాట్లాడతారు. ఆ ఇళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. మాట ఉంది, వ్రాత లేదు. నాటి చిత్రకారుల విద్య చేతిలో ఉండి కాగితం మీదికి రానట్లే, ఈ భాష నోటిలో ఉండి పుస్తకంలోకి రావడం లేదు. ఒక తరం చెప్పడం మానివేస్తే తరువాతి తరానికి అడగడానికి కూడా ఏమీ మిగలదు. తమిళం నేర్చుకోవడం వల్ల తెలుగు పోదు. ఆ నేల భాషను ప్రేమించినందువల్లనే అళగిరి అన్న పేరు పుట్టింది. ఇంట్లోని మాటను ఎవరూ వ్రాసి పెట్టకపోవడం వల్లనే తెలుగు పోతుంది.

కనుక తెలుగు అక్షరాలు నేర్చిన పిల్లలపై ఒక బాధ్యత ఉంది. ఇంటిలోని పెద్దల పేర్లు, వారు చేసిన పనులు, ఆ పనులలో వాడిన మాటలు అడిగి తెలుసుకొని వ్రాసి పెట్టాలి. మగ్గం మీద కూర్చున్న తాత పేరైనా, ముగ్గు వేసిన అవ్వ పేరైనా వ్రాయదగినదే. పుదుమండపం శిల్పి పేరు చాలామందికి తెలియదు. ఇంటిలోని పెద్దల పేర్లు మాత్రం ఇంకా చేజారిపోలేదు.