గురి వుంది, గది లేదు

తిరునాళ్లు వచ్చిందంటే బెలూన్ల అంగడి ముందు కుర్రకారు మూగడం కోట ప్రాంతంలో ఏటా చూసేదే. గాలితుపాకి భుజానికి ఆనించి వరసగా పది బెలూన్లు పగలగొట్టినవాడు ఆ పూటకు వీరుడు. ఆ తుపాకి గురి ఎప్పుడూ కాస్త పక్కకే వుంటుంది. అది సరిగా వుంటే అంగడివాడి బేరం సాగదు. అటువంటి వంకర తుపాకితోనే బెలూను కొట్టగలిగినవాడి చేతికి సరైన ఆయుధం, సరైన శిక్షణ అందితే ఎంతదూరం పోగలడో ఎవరూ ఆలోచించడం లేదు. తిరునాళ్లు ముగుస్తుంది, అంగడి ఎత్తేస్తారు, కుర్రవాడు చేలోకో పడవ మీదికో పోతాడు.

పోగలిగినవారు ఎక్కడికి పోయారో చూడాలంటే మన తెలుగునాటే ఉదాహరణ వుంది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల వయసులో పది మీటర్ల ఎయిర్ పిస్తోలు విభాగంలో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు పోటీలో వ్యక్తిగత రజతం, జట్టుతో కలిసి స్వర్ణం తెచ్చింది. పత్రికల్లో ఆమె ఫోటో చూసి మురిసిపోయిన పల్లెల్లో, ఆ అమ్మాయి చేతిలోనిది ఏమిటో, అది ఎలా పనిచేస్తుందో తెలిసినవారు తక్కువ. పిస్తోలు అనగానే ఫ్యాక్షను సినిమాలే గుర్తుకు రావడం మన దౌర్భాగ్యం.

అది సెమీ ఆటోమేటిక్ టార్గెట్ పిస్తోలు. అందులో వాడేది పాయింట్ 22 తూటా. మీట నొక్కితే ఒకే ఒక తూటా పేలుతుంది. పేలిన విసురుకు లోపలి బోల్టు వెనక్కు పోయి ఖాళీ గుల్లను బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు నెట్టేటప్పుడు మ్యాగజైను నుంచి కొత్త తూటా గదిలో చేరుతుంది. మళ్లీ నొక్కితేనే మళ్లీ పేలుతుంది. మీట మీద కనీసం ఒక కిలో బరువు పడితే గాని కదలరాదని నిబంధన. మహిళల పోటీలో మొత్తం 60 తూటాలు. మొదటి 30 నిదానంగా, అయిదు నిమిషాలకు అయిదు చొప్పున. తరువాతి 30 మాత్రం కఠినం. చేయి కిందికి దించి నిలబడాలి, లక్ష్యం కనబడే మూడు సెకన్లలో చేయెత్తి ఒక్క తూటా కాల్చాలి, ఏడు సెకన్లు ఆగాలి, మళ్లీ ఎత్తాలి. అంతా ఒంటిచేత్తోనే.

ఇటువంటి పిస్తోళ్లలో ఏది మేలన్నది షూటర్ల మధ్య తెగని వాదం. ఒంగోలు గిత్తల గురించి మన రైతులు వాదించుకున్నట్టే. స్విట్జర్లాండు హామర్లీ 208లో మ్యాగజైను పిడిలోనే వుంటుంది. 1968లో వచ్చిన జర్మనీ వాల్తర్ జి.ఎస్.పి.లోను, ఇటలీ పార్దినీలోను మ్యాగజైను మీటకు ముందు వుంటుంది. దానివల్ల బరువు ముందుకు పడి మొన నిలకడగా వుంటుంది, పిడిని చేతికి తగ్గట్టు మలచుకోవడానికీ వీలు చిక్కుతుంది. కొయ్య పిడిని ఆకురాయితో రుద్ది, చాలనిచోట లప్పం పెట్టి తన అరచేతికి సరిపోయేలా చేసుకోవడం షూటరు స్వయంగా చేసుకునే పనే. అందుకే ఒకరి పిస్తోలు మరొకరికి కుదరదు. రష్యాలో మార్గోలిన్ అనే పిస్తోలు వుంది. దాన్ని రూపొందించిన మిఖాయిల్ మార్గోలిన్ యువకుడిగా వుండగానే తలకు గాయమై చూపు కోల్పోయినవాడు. భాగాలను చేత్తో తడిమి పోల్చుకుంటూ గురిపిస్తోలు తయారుచేశాడు. కళ్లు లేనివాడు చేసిన పిస్తోలుతో కళ్లున్నవారు పోటీలు గెలిచారు!

అయితే కొనడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు. దిగుమతి పిస్తోలు ధర లక్ష రూపాయలు దాటుతుంది. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, 21 ఏళ్లు నిండాలి. ఇవన్నీ దాటి ఎవరైనా తెచ్చుకున్నా, మన తీరంలో మొదటి శత్రువు ఉప్పుగాలి. పొలంలో మోటారు నట్లే ఏడాదికి తుప్పు పట్టే చోట సన్నని స్ప్రింగుల సంగతి చెప్పాలా? కాల్చిన ప్రతిసారీ గొట్టం తుడవాలి, పలచగా నూనె పట్టించాలి. నూనె ఎక్కువైతే మసి పేరుకుని బోల్టు బరువెక్కుతుంది, తక్కువైతే తుప్పు. తూటా మీది మైనం, మందు మసి కలిసి గదిలో గట్టిపడితే ఖాళీ గుల్ల బయటికి రాదు. మ్యాగజైను పెదవి వెంట్రుకవాసి వంగినా తూటా అడ్డం తిరుగుతుంది. ఇంట్లో సాధన పేరిట ఖాళీ పిస్తోలు మీట టకటకా నొక్కేవారున్నారు. ఈ రకం పిస్తోలులో మేకు పోయి గది అంచుకు తగిలి, అక్కడ నొక్కు పడుతుంది. ఆ తరువాత అది సరిగా పనిచేయదు.

చెడితే ఎవరికి చూపాలి? ఇంజను బోరు చేసే లేతు మెషీను వాడికో, కొలిమి దగ్గరికో తీసుకుపోదామనుకుంటే అది మహాపరాధం. లైసెన్సు లేనివాడు తుపాకి బాగుచేస్తే, 2019 సవరణ తరువాత కనీసం ఏడేళ్ల జైలు. చట్టం తప్పని అనలేము. నాటు తుపాకులు చేసే చేతులను ఆపడానికి వచ్చిన చట్టమది. కాని లైసెన్సున్న మిస్త్రీ కోసం ఒక్క స్ప్రింగు మార్చుకోవడానికి గూడూరు పోయి రైలెక్కవలసిన పరిస్థితిలో ఏ పల్లె షూటరు నిలదొక్కుకోగలడు?

చిన్న భాగం చెడితే ఎంత నష్టమో దేశమంతా చూసింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, పది మీటర్ల పోటీ మధ్యలో మను భాకర్ ఎయిర్ పిస్తోలు మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో, రెండంటే రెండు పాయింట్ల తేడాలో ఫైనల్ తప్పింది. మూడేళ్ల తరువాత పారిస్‌లో ఆమే రెండు కాంస్యాలు గెలిచింది. వెంట నిపుణులున్న ఒలింపిక్ క్రీడాకారిణికే అంత నష్టం జరిగితే, స్క్రూడ్రైవరు తప్ప వేరే దిక్కు లేనివాడి మాటేమిటి?

కాబట్టి ఈ ప్రాంతంలో ఖరీదైన పిస్తోలుతో మొదలుపెట్టమని ఎవరూ కోరడం లేదు. కావలసింది పది మీటర్ల గది. ఎయిర్ పిస్తోలుకు తూటా అక్కరలేదు, మందు అక్కరలేదు. పాయింట్ 177 బోరు, 20 జౌళ్లకు మించని శక్తి వున్న గాలి ఆయుధాలకు 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు కూడా అవసరం లేదు. హైస్కూల్లోనో, విద్యానగర్ కళాశాలలోనో పొడవైన గది ఒకటి, వెనుక గుండు ఆగే ఇనుప పెట్టెలు, ఒక వైపే ద్వారం, పిస్తోళ్లు దాచే తాళంబీరువా వుంటే చాలు. పదో పాయింటు చుక్క వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. దాన్ని ఒంటిచేత్తో కొట్టడం నేర్చినవాడు 25 మీటర్లకు సిద్ధమైనట్టే.

గాలితుపాకులు వస్తే పిల్లలు పిట్టల్ని కొడతారన్న భయం పెద్దల్లో వుంది. భయం సహేతుకమే. నేలపట్టు గూడబాతులు మనకు బిడ్డల్లాంటివి. అందుకే ఆయుధం ఇంటికి పోరాదు, గదిలోనే వుండాలి. ఇప్పుడు ఎవరి పర్యవేక్షణా లేకుండా చెరువుగట్ల మీద తిరుగుతున్న గాలితుపాకుల కన్నా అది నయం కాదా?

జిల్లా క్రీడాశాఖ అధికారులు ఒకసారి కోటకు వచ్చి గది చూడాలి. శిక్షకుడితో పాటు, పిస్తోళ్ల నిర్వహణ తెలిసిన ఒక మనిషిని కూడా నియమించాలి. అతనికి లైసెన్సు ఇప్పించే బాధ్యత శాఖే తీసుకోవాలి. వేసవి సెలవుల్లో పని పూర్తిచేస్తే బడులు తెరిచేనాటికి పిల్లలు వరసలో నిలబడతారు.