గృహిణీ వ్యవహారము: ఫోర్కులిఫ్టును ఎన్నుకొను విధము



గడచిన మాసమున ఈ శీర్షిక క్రింద ధాన్యమునకు పురుగుపట్టకుండ నిలువచేయు పద్ధతులను ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఒక యంత్రమును గూర్చి వ్రాయబూనితిని. గిడ్డంగులలో బరువులను ఎత్తి దించు ఫోర్కులిఫ్టు అనునదియే ఆ యంత్రము. “ఇది పురుషులు చూచుకొనవలసిన విషయము కదా! వంటయింటివారికి దీనితో నేమి పని?” యని కొందరు నవ్వవచ్చును. కాని పచ్చళ్ళు, అప్పడములు, పిండివంటలు చేయించి దూరదేశములకు పంపు ఇల్లాండ్రు నేడు మనలో పలువురు కలరు. వ్యాపారము భర్తదే యైనను, బ్యాంకు ఋణపత్రము మీద ఆయన సంతకము ప్రక్కన భార్య సంతకమును ఉండుచున్నది. సంతకము చేయువారికి తాము కొనునదేమో తెలియకుండుట క్షేమము కాదు. ఈ మాట నాకు తోచుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా మనవి చేసెదను.

మా పినతండ్రిగారి కుమార్తె, నాకు చెల్లెలు, గోదావరీతీరమున నొక గ్రామమందు పచ్చళ్ళ వ్యాపారము చేయుచున్నది. వేసవిలో మామిడికాయ ముక్కలను ఉప్పుతో నూరవైచి పెద్ద ప్లాస్టిక్కు పీపాలలో నిలువయుంతురు. నిండిన పీపా ఒక్కొక్కటి సుమారు 230 కిలోలు తూగును. మొదట పీపాలను మనుష్యులే దొరలించుచుండిరి. పని పెరిగిన పిమ్మట, ఒక వేసవిలో ఫోర్కులిఫ్టును అద్దెకు తెచ్చిరి. వచ్చిన మూడవనాడు, అది పీపాల వరుసల నడుమ తిరుగుచుండగా, దాని వెనుకభాగము ప్రక్కకు విసురుగా తిరిగి, అచ్చటనున్న ఒక పనిమనిషిని పీపాలకు అదిమెను. ఆమె పాదపుటెముకలు రెండు విరిగినవి. ప్రాణము దక్కుటయే దైవకృప.

నేను పరామర్శకు పోయినపుడు ఆమె నాతో చెప్పిన మాటను మరువజాలకున్నాను. “బండి నాకు దూరముగానే పోవుచున్నదని చూచుచునే యుంటిని అమ్మగారూ! ముందు అటు తిరిగిన, వెనుక ఇటు వచ్చునని నాకెవరు చెప్పిరి?” అని ఆమె యడిగెను. నిజమే! మనము వీథిలో చూచు కార్లకు ముందుచక్రములు తిరుగును. ఫోర్కులిఫ్టునకు వెనుకచక్రములు తిరుగును. ముందుభాగము కుడికి మరలినపుడు వెనుకభాగము ఎడమకు వెడలును. ఈ యొక్క సంగతి ఆ గిడ్డంగిలో పనిచేయువారిలో నొక్కరికిని ఎవరును చెప్పియుండలేదు.

ఆ పిమ్మట రెండు నెలలకు చెల్లెలియొద్దనుండి ఉత్తరము వచ్చెను. మా మరదిగారు సొంతముగా ఒక యంత్రమును కొనదలచిరట. 3 టన్నులను ఎత్తగల డీజిలు యంత్రమొకటి, ఇదివరకు వాడినది, చవుకగా వచ్చుచున్నదట. “పెద్దది కొనిన ఎన్నడైన పనికివచ్చునని వారందురు. నాకు మాత్రము గుండె దడదడలాడుచున్నది అక్కయ్యా! నీవును బావగారును ఒకసారి వచ్చి చూడుడు” అని వ్రాసెను. సెలవుదినమున ఇరువురమును పోయితిమి. దుకాణమునకు పోకమునుపు, కొలతటేపును, కాగితమును, ముగ్గుపిండిని చేతపట్టుకొని గిడ్డంగిలోనికి పోయితిమి. యంత్రమును ఎన్నుకొనుట దుకాణమున జరుగదు. అది తిరుగవలసిన చోటనే జరుగును. మేము తెలిసికొన్నది ఇదియే.

మొదటిది బరువు. ఈ యంత్రము త్రాసువంటిది. ముందు రెండు ఇనుప కొమ్ములుండును. వాని మీదికి, పాలెట్టు అనబడు కొయ్యపీటతోకూడ సరకు ఎక్కును. వెనుక గొప్ప బరువు అమర్చబడి యుండును. ముందుచక్రముల ఇరుసు త్రాసుముల్లు వంటిది. ముందు బరువు హెచ్చినను, ఉన్న బరువే ముందునకు జరిగినను, వెనుక చక్రములు నేలను విడుచును. పాఠశాలలో పిల్లలకు తులాదండమును గూర్చి చెప్పు పాఠమునే మా వారు ఆనాడు మరదిగారికి చెప్పిరి.

యంత్రమునకు బిగించిన రేకు మీద అది మోయగల బరువు వ్రాసియుండును. దాని ప్రక్కన మరియొక అంకె కూడ ఉండును. చిన్న యంత్రములకు సాధారణముగా అది 500 మిల్లీమీటర్లు. కొమ్ముల మొదటనుండి సరకు నడిమి భాగము అంత దూరములో ఉన్నపుడే ఆ బరువు చెల్లునని దాని యర్థము. మా చెల్లెలి పీపాలు నాలుగింటిని ఒక పీటమీద చతురస్రముగా నిలిపిన, ప్రక్క కొలత 1200 మిల్లీమీటర్లు వచ్చెను. అనగా నడిమి భాగము 600 మిల్లీమీటర్ల దూరమున పడును. నాలుగు పీపాలు 920 కిలోలు. పీటతో కలిపి ఇంచుమించు 950 కిలోలు. 1 టన్ను యంత్రము చాలునని ఎవరైనను అనుకొందురు. ఇరుసునుండి కొమ్ముల మొదటికి 400 మిల్లీమీటర్లని అనుకొని లెక్కవేసి చూడుడు. రేకు మీద చెప్పిన దూరము 900. మనకు వచ్చినది 1000. 1000 కిలోలను 900 చేత గుణించి 1000 చేత భాగించిన 900 కిలోలే మిగులును. 950 కిలోలకు అది చాలదు! అదే లెక్క 1500 కిలోల యంత్రమునకు వేసిన 1350 కిలోలు వచ్చును. అది చాలును. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. బరువును ఎంత ఎత్తునకు లేపిన శక్తి అంత తగ్గవచ్చును గనుక, మన కొలతలు చెప్పి, ఏ దూరమున, ఏ ఎత్తున ఎంత మోయునో అమ్మువారిచేత వ్రాతమూలకముగా తీసికొనవలెను.

రెండవది చోటు. పెద్దది కొనిన మేలన్న మాట ఇచ్చటనే తేలిపోయెను. 3 టన్నుల డీజిలు యంత్రము తానే 4 టన్నులకు పైగా తూగును. సరకుతో కలిసిన ఆ భారములో అధికభాగము ముందుచక్రములు రెంటి మీదనే పడును. చెల్లెలి గిడ్డంగి నేల ఇసుక మీద పరచిన నాపరాళ్ళు! చిన్న యంత్రమునకైనను అది చాలదని, యంత్రము తిరుగు త్రోవయంతయు తగినంత మందముగా కాంక్రీటు వేయించవలసివచ్చెను. ఆ ఖర్చును యంత్రపు ఖరీదుతో చేర్చియే లెక్కచూడవలెను. ద్వారబంధపు ఎత్తును, దూలముల ఎత్తును, వ్రేలాడు దీపముల ఎత్తును కొలిచితిమి. దించియున్న స్తంభము ద్వారమున పట్టవలెను. లేపిన స్తంభము దూలమునకు తగులరాదు.

పిమ్మట వరుసల నడుమ త్రోవ. నాలుగుచక్రముల యంత్రము సరకుతో తిరుగుటకు సుమారు మూడున్నర మొదలు నాలుగు మీటర్ల వెడల్పు కావలయును. మూడుచక్రములది ఇంకను ఇరుకైన చోట తిరుగును. రీచ్ ట్రక్కు అను మరియొక జాతి సుమారు మూడు మీటర్లలోనే తిరుగునుగాని, దానికి నేల అద్దమువలె సమముగా ఉండవలెను. మేము ముగ్గుపిండితో నేలమీద త్రోవను గీచి చూచితిమి. రెండు చోట్ల పీపాల వరుసను వెనుకకు జరుపనిదే యంత్రము తిరుగదని కంటికి కనబడెను.

మూడవది ఇంధనము. తలుపులు మూసిన గదిలో డీజిలు పొగను పీల్చుచు ఆడువారు దినమంతయు ముక్కలు కోయుట తగునా? డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012వ సంవత్సరమున నిర్ణయించెను. తినుబండారములకు ఆ వాసన పట్టుట వేరొక నష్టము. గ్యాసుతో నడచు యంత్రమునకు పొగ కనబడకపోయినను, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు చేరవచ్చును. కావున గదిలోపలి పనికి బ్యాటరీ యంత్రము మేలు. అయితే, ఆరుబయట గతుకుల నేలమీద ఇటుకలనో కలపనో మోయువారికి గాలిటైర్ల డీజిలు యంత్రమే తగియుండును. ఒకరికి తగినది మరియొకరికి తగవలెనను నియమము లేదు.

బ్యాటరీలోను రెండు విధములు. సీసపు బ్యాటరీ వెల తక్కువ. కాని 8 గంటలు పనిచేసిన, నింపుటకు 8 గంటలు, చల్లారుటకు 8 గంటలు పట్టునని లెక్క. దానిలో శుద్ధజలము పోయుచుండవలెను. నింపునపుడు హైడ్రోజను వాయువు వెడలును గనుక, గాలి బాగుగా ఆడుచోట ఉంచి, దీపమును నిప్పును దరిజేరనీయరాదు. లిథియము బ్యాటరీ వెల హెచ్చు. త్వరగా నిండును, నీరు పోయు పని లేదు. కరెంటు తరచుగా పోవు గ్రామములవారు ఏ వేళల నింపగలరో ముందే ఆలోచించుకొనవలెను.

నాలుగవది మనుష్యులు. నాకు అన్నింటికంటె ముఖ్యమని తోచినది ఇదియే. గాయపడిన ఆమె అప్పటికి కోలుకొని పనికి వచ్చుచుండెను. చెల్లెలు ఆమెను పిలిచి, “నడచువారికి త్రోవ ఎక్కడ ఉండవలెనో నీవు చెప్పుము” అనెను. ఆమె ఒక్క క్షణమైనను ఆలోచింపక, మూలనున్న త్రాగునీటి కడవను చూపెను. “దప్పికగొన్నవారందరు ఈ వరుసల నడుమనుండియే కదా అమ్మా పోవలెను! ఆనాడు నేనును నీళ్ళకే వచ్చితిని” అనెను. మేము టేపు పట్టి గంటసేపు కొలిచియు దానిని కానమైతిమి. ఆ సాయంకాలమే కడవను వేరొక ప్రక్కకు మార్చిరి. యంత్రము త్రోవకును నడచువారి త్రోవకును నడుమ మొదట ముగ్గుగీత, పిదప పసుపుపచ్చని రంగుగీత, మలుపుల యొద్ద ఇనుపకమ్మి వెలసినవి. ఆ చోట నడచువారిని అడుగక యంత్రమును కొనుట తగదని ఆనాడు నాకు బోధపడెను.

నడుపువాని మాట కూడ చెప్పవలెను. కారు నడుపుట వచ్చినవానికి ఇది వచ్చినట్లు కాదు. ఏనుగును కొని అంకుశము వద్ద బేరమాడినట్లు, లక్షలు పోసి యంత్రమును కొని శిక్షణకు వెనుదీయువారు కలరు. అమెరికా దేశమున కర్మాగారములలో 18 ఏండ్లు నిండనివారిచేత దీనిని నడిపింపరాదను చట్టము కలదు. శిక్షణ పొందినవారినైనను 3 ఏండ్లకొకసారి మరల పరీక్షింపవలెను. సరకుతో పోవునపుడు కొమ్ములను నేలకు జానెడు ఎత్తుననే ఉంచి, స్తంభమును కొంచెము వెనుకకు వంచవలెను. వాలుమీద బరువు ఎల్లప్పుడును ఎగువవైపుననే ఉండవలెను. కొమ్ములమీద మనుష్యులను ఎక్కించి లేపరాదు. బండి ఒరగినపుడు దుమికినవారే దానిక్రింద పడుదురు; నడుమునకు పట్టీ బిగించుకొని, గట్టిగా పట్టుకొని లోననే కూర్చుండవలెను. పని ముగిసిన పిమ్మట తాళపుచెవిని బండిలో విడువరాదు. ఇంట పసివాండ్రున్న వారు దీనిని మరువరాదు.

వాడిన యంత్రమును కొనువారు కొమ్ములు వంగు మూలను కొలిపింపవలెను. మొదటి మందములో పదవవంతు అరిగినచో ఆ కొమ్ములు పనికిరావు. గొలుసులు, బ్రేకులు, హారను, నూనె కారుట, వీనిని చూచి, బరువు వ్రాసిన రేకు లేని యంత్రమును వద్దనవలెను.

చివరకు చెల్లెలింట జరిగినదేమనగా, 1500 కిలోల మూడుచక్రముల బ్యాటరీ యంత్రమును తీసికొనిరి. సీసాలు నింపు గదికి యంత్రమే అక్కరలేదని తేలెను. చేతితో లాగు పాలెట్టు బండి యొకటి చాలెను. దినమునకు పదిసార్లయినను ఎత్తుదించు పని లేనివారు, లేక సంవత్సరమునకు రెండు నెలలే పనియున్నవారు, అట్టి చేతిబండినో అద్దెయంత్రమునో ముందుగా తలచుట మేలు. ఋణము చేసి తెచ్చిన యంత్రము మూలనున్నను వడ్డీ మూలనుండదు.

మా మరదిగారు మొదట కొంత చిన్నబుచ్చుకొనిరి. చవుక బేరము పోయెనని నెలదినములు అనుచుండిరట. ఇప్పుడు క్రొత్తగా పనికి వచ్చువారికి, యంత్రము వెనుకభాగము ఎట్లు తిరుగునో చూపి చెప్పు పని ఆ గాయపడిన ఆమెదే. దానికై జీతము కొంత హెచ్చించిరి. నేను మొన్న పోయినపుడు ఆమె ఇరువురు బాలికలను గీతకు ఇవతల నిలిపి, “బండి ముఖము కాదు, వీపు చూడుడు” అని చెప్పుచుండెను. ఆమె నడకలో కుంటుదనము కొంచెము మిగిలియున్నది.

మీ ఇండ్లలో ఎవరైనను ఇట్టి యంత్రమును కొనదలచినచో, సంతకము చేయకమునుపు ఒక్కపూట ఆ చోటికి పోయి కొలిచి చూడుడు. అచ్చట పనిచేయువారిని అడుగుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.