పాత గోడకు కొత్త పూత



హైదరాబాదు కార్వాన్‌లో మూసా ఖాన్ 1671లో కట్టించిన తోలి మసీదును చూస్తే, సున్నపు గచ్చుతో ఎంతటి నగిషీ చేయవచ్చునో తెలుస్తుంది. ఇటువంటి పాత పనితనము చెడకుండా పైన ఏదో ఒకటి పూస్తే చాలునని మనమనుకుంటాము. ఆ తలంపు ఎంత చేటు తెస్తుందో హైదరాబాదు సంస్థానము అనుభవముతో నేర్చుకున్నది.

అజంతా గుహలు ఆ రోజుల్లో నిజాం ఏలుబడిలో ఉండేవి. 1920 ప్రాంతంలో అక్కడికి ఇటలీ నిపుణులను రప్పించారు. వారు ఊడిపోతున్న చిత్రాలను నిలిపారు. కాని పైన పూసిన లక్క, ఏండ్లు గడిచేకొద్దీ పచ్చబడి బొమ్మలను మసకబార్చింది.

లక్క పురుగు చేసే పాలిమరు. మనుషులు చేసిన పాలిమర్ల పూతలు కూడా పాత గోడలమీద అలాగే చెడిపోయాయి. అదే ఇటలీలో, ఫ్లారెన్సు విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు పియేరో బలియోని జిగురు, జెల్లు వంటి మెత్తని పదార్థాలను పరిశోధించి, ఆ విద్యను పాత చిత్రాల రక్షణకు మళ్ళించారు. చెడిన పూతను మెల్లగా తీసే జెల్లులను, గోడకు బలమిచ్చే అతి సూక్ష్మమైన సున్నపు రేణువులను ఆయన బృందము తయారుచేసింది. ఆ జెల్లులలోనూ పాలిమర్లే ఉన్నాయి! పదార్థము గుణమెరిగితే కీడు చేసినదే మేలు చేస్తుంది.

మన పల్లెల్లో పెద్దలు సున్నముతో కట్టిన ఇండ్లు, ఆరాధనాలయాలు ఇంకా ఉన్నాయి గదా. వాటికి సిమెంటు, ప్లాస్టిక్ రంగు వేస్తే తేమ బయటకు పోలేక గచ్చు ఉబ్బి రాలుతుంది. సున్నపు గోడకు సున్నమే వేయించుదాము. మంచి మనస్సుతోపాటు తెలివి కూడా కావాలి.