పక్క కణం చెప్పే మాట

కప్ప జీవితచక్రం మన పిల్లలకు నాలుగు బొమ్మల పాఠం. గుడ్డు, తోకకప్ప అంటూ పేర్లు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. గుడ్డుకూ తోకకప్పకూ నడుమ పిండం చర్మం మీద జరిగే పనిని మాత్రం ఎవరూ అడగరు. మన పిల్లల ఊపిరికి సంబంధించిన సంగతి అక్కడే ఉంది.

ప్రయోగశాలల్లో పెంచే ఆఫ్రికా కప్ప పేరు జెనోపస్. దాని పిండం చర్మంలో కొన్ని కణాలకు ఒక్కొక్కదానికి వంద దాకా, అంతకు మించి కూడా శైలికలు మొలుస్తాయి. అవి ఒకే దిక్కుకు కదులుతూ చర్మం మీది నీటిని తల నుంచి తోక వైపు నెడతాయి. ఈ కణాలు ఒకేచోట గుమిగూడవు. వరినాట్లలా ఎడం పాటిస్తాయి.

ఆ ఎడం కొలిచేది కణాలే. శైలికలు మొలవబోయే కణం తన ఉపరితలం మీద డెల్టా అనే ప్రోటీన్‌ను నిలుపుతుంది. అది పక్క కణం మీది నాచ్ అనే ప్రోటీన్‌ను తాకితే, ‘నీకు ఈ పని వద్దు’ అనే సంకేతం ఆ కణంలోకి వెళుతుంది. ఈ సంకేతాన్ని అడ్డుకుంటే శైలికల కణాలు మితిమీరి పుడతాయని, పెంచితే అవి పుట్టకుండా పోతాయని 1999లో వెలువడిన పరిశోధన చూపింది. శైలికల తయారీని మొదలుపెట్టే ప్రోటీన్ మల్టిసిలిన్ అని, నాచ్ సంకేతం అణచేది దాన్నేనని 2012లో తేలింది.

మన వాయునాళంలోనూ ఇలాంటి కణాలే ఉన్నాయి. పీల్చిన దుమ్మును, క్రిములను శ్లేష్మంతో సహా గొంతు వైపు తోసేది వాటి శైలికలే. మల్టిసిలిన్ జన్యువులో లోపం ఉన్న కొందరు రోగుల్లో ఆ శైలికలు బాగా తగ్గిపోయాయని, వారిని శ్వాసకోశ వ్యాధులు వదలడం లేదని 2014లో గుర్తించారు. కప్ప చర్మం చదువు దేనికి పనికొస్తుందని అడిగేవారికి ఇదే జవాబు.

ఉపాధ్యాయులకు మా సూచన ఒకటే. పిల్లలను దగ్గరదగ్గరగా వరుసల్లో నిలబెట్టండి. ముందు చెయ్యెత్తినవారి పక్కవారు చెయ్యి దించాలన్నది నియమం. ఎవరూ చోటు చూపకపోయినా ఎత్తిన చేతుల మధ్య ఎడం దానంతటదే ఏర్పడుతుంది. పాఠం కళ్లముందే నిలుస్తుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. పసితనం నుంచి ఏడాది పొడవునా కఫంతో దగ్గే బిడ్డను ‘జలుబు ఒళ్లు’ అని సరిపెట్టుకోవద్దు. కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో శైలికల లోపం కూడా ఒకటి. పిల్లల వైద్యుడికి చూపించి, ఆ మాట అడగండి.