వేట నిషేధం నాటికి లాగిన్ పరీక్ష ముగియాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే మత్స్యకార భరోసా 2025లో రూ.10,000 నుంచి రూ.20,000కు పెరిగింది. కానీ ప్రభుత్వ సాయం చేతికందాలంటే చాలాసార్లు ముందు వేలిముద్ర పడాలి, లేదా ఆధార్‌కు జతైన ఫోనుకు ఓటీపీ రావాలి. వలతాళ్లు లాగీలాగీ గీతలు అరిగిపోయిన వేళ్లు మా నెల్లూరు జిల్లా మైపాడు వైపు ఇంటింటా ఉన్నాయి.

మాది జాలరి కుటుంబం. నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇలాంటి లాగిన్‌ను చాలాచోట్ల ఎలా పరీక్షిస్తారో చూస్తూనే ఉన్నాను. ఆఫీసులో ఎవరో ఒకరు సొంత నంబరు కొడతారు, ఓటీపీ రాగానే పనిచేస్తోందని రాసేస్తారు. నడిసముద్రంలో సిగ్నల్ లేని ఫోను ఆ పరీక్షలో ఎక్కడా ఉండదు.

దీనికి మందు మాక్ లాగిన్. ఇలాంటి లాగిన్‌లో వెబ్‌సైట్ మనిషిని నేరుగా గుర్తుపట్టదు, లాగిన్ సర్వరు సంతకం చేసి పంపిన టోకెన్‌ను నమ్ముతుంది. పరీక్షల్లో అసలు సర్వరు స్థానంలో అదే తీరులో టోకెన్లిచ్చే మరో సర్వరును పెట్టుకుంటే కల్పిత మనుషులను ఎంతమందినైనా పుట్టించవచ్చు. ఒకే నంబరు వాడుకునే తండ్రి, ఇద్దరు కొడుకులు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉన్న అవ్వ. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే ఓటీపీ, తిరస్కరించిన వేలిముద్ర, ఫారం నింపుతుండగానే గడువు తీరిన టోకెన్. ఎవరి అసలు ఆధార్ నంబరూ ముట్టుకోకుండా వీటన్నిటినీ ఎన్నిసార్లయినా పరీక్షించవచ్చు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఆధార్ సంస్థే పరీక్షల కోసం కల్పిత నంబర్లు, వేరే సర్వరు ఇస్తోంది. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలైన మోసిప్ అనే గుర్తింపు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు, తన ఈసిగ్నెట్ లాగిన్‌తోపాటు మాక్ గుర్తింపు వ్యవస్థనూ ఉచితంగా అందిస్తోంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. మాక్ సర్వరు సంతకాన్ని అసలు వెబ్‌సైట్ ఎన్నడూ అంగీకరించకూడదు. దాన్ని అంగీకరించే పరీక్షల సెట్టింగ్ పొరపాటున మిగిలిపోతే ఎవరైనా ఎవరి పేరుతోనైనా లోపలికి రాగలరు. సెట్టింగుల్లో మాక్ సర్వరు చిరునామా కనిపిస్తే అసలు సైటు మొదలవకుండానే ఆగిపోయేలా రాయాలి.

మత్స్యశాఖకు, ఐటీ శాఖకు నా విన్నపం: మాక్ లాగిన్ పరీక్షను సాయం అందించే వెబ్‌సైట్ల టెండరులోనే తప్పనిసరి చేయండి. కల్పిత మనుషుల జాబితా రాసేటప్పుడు జువ్వలదిన్నె, మైపాడు వైపు పనిచేసే గ్రామ మత్స్య సహాయకులను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరికి సాయం ఎక్కడ ఆగిపోతోందో వాళ్లకు తెలుసు. పరీక్షలు మార్చి నెలాఖరుకల్లా ముగించండి.