ఇది పాత మెటాలికా కాదు, సరే

2023 ఏప్రిల్ 14. అంబేడ్కర్ జయంతి, ఆఫీసుకి సెలవు. హైదరాబాద్‌లో ఆ రోజే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరణ. ట్రాఫిక్ ఊహించుకుని బయటికి వెళ్లే ఆలోచన మానేసి, కాఫీ పెట్టుకుని, మెటాలికా కొత్త ఆల్బమ్ ‘72 సీజన్స్’ మొదలుపెట్టాను. 12 పాటలు, 77 నిమిషాలు. నాలుగో పాటలో ఉండగానే ఫ్రెండ్ నుంచి తీర్పు వచ్చేసింది: “బోర్ రా. మాస్టర్ ఆఫ్ పపెట్స్ కాలిగోటికి సరిపోదు.” వాడు ఆల్బమ్ ఓపెన్ చేసి అరగంట కూడా అయ్యుండదు. నేనేం చేశాను? “నిజమే” అని కొట్టి పంపించాను. ఇంకా ఎనిమిది పాటలు మిగిలి ఉన్నాయి నాకు.

అందుకే ఇక్కడ తిట్టేది ఎవర్నో కాదు, మనల్నే. ముప్పై దాటిన, బీరువాలో రంగు వెలిసిన నల్ల టీషర్టు దాచుకున్న, హార్డ్ రాక్, మెటల్ విషయంలో తామే కాపలాదార్లం అనుకునే మనల్ని. ఇద్దరు మెటల్ ఫ్యాన్స్ కలిస్తే కొత్త ఆల్బమ్ గురించి మాట్లాడరు. కొత్తదాన్ని అడ్డం పెట్టుకుని పాతదాని గురించి మాట్లాడతారు.

మెటాలికా కేసు ఫైలు ఒకసారి తిరగేయండి. 1984లో, అంటే రెండో ఆల్బమ్ ‘రైడ్ ద లైట్నింగ్’కే, ‘ఫేడ్ టు బ్లాక్’లో అకూస్టిక్ గిటార్ వినిపించిందని “అమ్ముడుపోయారు” అన్నవాళ్లున్నారు. ‘వన్’ పాటకి మొదటిసారి వీడియో తీస్తే అమ్ముడుపోయారు. 1991లో బ్లాక్ ఆల్బమ్‌లో పాటలు చిన్నవై, నెమ్మదించి, ఇంటింటికీ చేరితే అమ్ముడుపోయారు. 1996లో ‘లోడ్’ వచ్చేసరికి జుట్టు కత్తిరించుకున్నారు. చూడండి, నేరం సంగీతంలో కూడా కాదు, మంగలి షాపులో జరిగింది! 2003లో ‘సెయింట్ యాంగర్’లో గిటార్ సోలోలు తీసేస్తే, సోలోలేవీ అన్నారు. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’లో సోలోలు తిరిగొస్తే, పాత సరుకే తెచ్చారన్నారు. మారితే ద్రోహం, మారకపోతే బోర్. ఇలాంటి అత్తగారి దగ్గర ఏ కోడలు కాపురం చేస్తుంది? మనల్ని సంతృప్తిపరచాలంటే ఆ నలుగురూ 1986కి వెళ్లిపోవాలి. ఆ ఏడాది సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి పోయిన క్లిఫ్ బర్టన్ కూడా లేచి రావాలి.

అంటే విమర్శించకూడదా? అబ్బే, విమర్శించండి. ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో జేసన్ న్యూస్టెడ్ బేస్ వినపడదు. ఇది చెవి ఉన్నవాడి ఫిర్యాదు. ‘సెయింట్ యాంగర్’లో లార్స్ స్నేర్ డ్రమ్ము స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టుంటుంది. ఇదీ న్యాయమే, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ పంటికింద రాయే. ఇక ‘డెత్ మాగ్నెటిక్’ విషయంలో ఫ్యాన్స్ చేసింది నాకు చాలా ఇష్టం. సీడీలో సౌండ్ ఎంత పెంచేశారంటే అంచులు చిరిగి బరబరమంటుంది. అదే ఆల్బమ్ గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లోనూ వచ్చింది. దాంట్లో గిటార్, డ్రమ్ము దేనికది విడిగా ఊపిరి తీసుకుంటున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి విని, తేడా పట్టుకుని, మళ్లీ మిక్స్ చేయండని వేలమంది సంతకాలు పెట్టారు. వాళ్లు బ్యాండుని తిట్టారు, కానీ విని తిట్టారు. నేను గొడవపడేది వినకుండా తిట్టేవాళ్లతో.

వినకుండా అంటే మా సంగతే చెప్తాను. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా ఆడింది. కాచిగూడలో రైలెక్కి వెళ్లాం ఐదుగురం. దానికి ఒకట్రెండు రోజుల తేడాలోనే లూ రీడ్‌తో కలిసి వాళ్లు చేసిన ‘లులు’ విడుదలైంది. తిరుగు ప్రయాణంలో కర్నూలు దాటేదాకా లులుని ఏకిపారేశాం. ఐదుగురిలో ఒక్కడూ అది విన్నవాడు కాదు. తర్వాత ఎప్పుడో విన్నాను, నచ్చలేదు. కానీ ఆ రైల్లో మా దగ్గర ఉన్నది అభిప్రాయం కాదు, కులకట్టుబాటు లాంటిది. ఫలానాది తినకూడదంటే తినకూడదంతే, రుచి ఎవడడిగాడు?

ఇదే మాట పెళ్లిళ్లలో పెదనాన్నలు చెప్తే నవ్వుకుంటాం. ఘంటసాల తర్వాత పాటేముందిరా అంటారాయన. కొంచెం చిన్నవాళ్లు ఇళయరాజా దగ్గర గీత గీస్తారు. “పాపం, వయసైపోయింది” అని పక్కకి తిరిగి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లమే, మన గీత దగ్గర మనం కర్ర పట్టుకుని కూర్చున్నాం.

తమాషా ఏంటంటే ‘72 సీజన్స్’ మన గురించే. ఏడాదికి నాలుగు సీజన్ల లెక్కన 72 అంటే మొదటి 18 ఏళ్లు. ఆ పద్దెనిమిదేళ్లలో మన మీద పడ్డ ముద్రలు మిగతా జీవితాన్ని ఎలా నడిపిస్తాయి, అవి నిజంగా మనమేనా, వాటి నుంచి బయటపడగలమా అన్నది హెట్‌ఫీల్డ్ పెట్టుకున్న ప్రశ్న. (మన ఆరు ఋతువుల లెక్కన అయితే 12 ఏళ్లకే ఆట ముగుస్తుంది. హైదరాబాద్‌లో ఉండేది ఎండాకాలం, వానాకాలం, చలికాలమే కాబట్టి 24 దాకా గడువు పొడిగించుకోవచ్చు.) 2019లో మళ్లీ రిహాబ్‌కి వెళ్లొచ్చిన మనిషి, అరవైకి దగ్గర్లో కూర్చుని, నా బాల్యం ఇంకా నన్ను వదల్లేదే అని పాడుతున్నాడు. చివర్లో ‘ఇనమొరాటా’ అని 11 నిమిషాల పాట ఉంది. ఆయన తన దుఃఖంతో తనకున్న ప్రేమ వ్యవహారాన్ని ఒప్పుకునే పాట అది. మధ్యలో గిటార్లు తగ్గి, బేస్ ఒక్కటీ నడుస్తుంది కాసేపు. నేను అక్కడిదాకా వెళ్లింది ఆల్బమ్ వచ్చిన నెలన్నరకి. పదిహేడేళ్లప్పుడు కోఠీలో కొన్న ఎంపీత్రీ సీడీలో విన్న బ్యాండు ఇలాగే ఉండాలని పట్టుబట్టి, సరిగ్గా ఆ పట్టు గురించే చేసిన పాటల్ని పక్కన పడేశాను. ఆల్బమ్‌లో లోపాల్లేవని కాదు. ఇరవై నిమిషాలు కోసేస్తే ఇంకా బావుండేది. కానీ ఆ మాట 77 నిమిషాలూ విన్నాక అనాలి కదా.

ఇక్కడితో అయితే మన బుర్రలకే నష్టం, పోనీలే అనుకోవచ్చు. పోనీ అనుకోలేనిది ఇంకోటుంది. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’లో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ మోగాక లోకంలో సగంమంది పిల్లలు మెటాలికా వినడం మొదలెట్టారు. మా అక్క కొడుకు కూడా. వాడికప్పుడు పధ్నాలుగు. ఆదివారం భోజనాలప్పుడు పరిగెత్తుకొచ్చి “మామా, ఇది విన్నావా!” అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేను నవ్వి, “సీరియల్ చూసి ఫ్యాన్ అయిపోయావా? మిగతా ఆల్బమ్స్ పేర్లు చెప్పు చూద్దాం” అన్నాను. వాడు రెండు చెప్పి ఆగిపోయాడు. ఫోన్ తీసుకుని లోపలికెళ్లాడు. సిరీస్ చూసి వచ్చిన పిల్లలందర్నీ రండి రండి అని మెటాలికానే పిలిచింది ఆ రోజుల్లో. పాడినవాళ్లకి లేని అభ్యంతరం, పక్క రాష్ట్రానికి రైలెక్కి చూసొచ్చిన నాకెందుకు?

రెండేళ్లు వాడు నాకు ఒక్క పాట పంపలేదు. పోయినేడు సంక్రాంతికి వెళ్తే మేడ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల ఊపుతున్నాడు. ఏం వింటున్నావురా అంటే కాసేపు తటపటాయించి, “గాడ్‌లెస్” అన్నాడు. ఏ దేశం వాళ్లు అన్నాను. వాడు నా మొహం కేసి చూసి, “హైదరాబాద్, మామా” అన్నాడు.

మన ఊరి డెత్ మెటల్ బ్యాండు. రెండు ఈపీల తర్వాత 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అని మొదటి పూర్తి ఆల్బమ్ చేశారు. లార్స్ స్నేర్ గురించి ఇరవై ఏళ్లు వాదించిన నాకు, నేను నీళ్ల బిల్లు కట్టే ఊళ్లో ఒక ఆల్బమ్ పుట్టిన సంగతి ఒక పిల్లాడు చెప్తే తెలిసింది. మా ఐదుగురిలో ఇంకెవడికీ తెలీదు, అడిగాను. హెడ్‌ఫోన్స్ తీసుకుని పిట్టగోడ మీద కూర్చుని మొదట్నించీ చివరిదాకా విన్నాను, వాడు పక్కనే గాలిపటం దారం చుట్టుకుంటుంటే. అయ్యాక ఎలా ఉందన్నాడు. డ్రమ్స్ అదిరిపోయాయిరా, మధ్యలో రెండు పాటలు ఒకేలా అనిపించాయన్నాను.

“అవి ఒకేలా ఎక్కడున్నాయి మామా, సరిగ్గా విను” అని మళ్లీ మొదట్నించి పెట్టాడు.