పాటల పెట్టె: ఆడియో ఇంటర్‌ఫేసు నెన్నుకొనుట



మన యిండ్లలో వ్రాతకెక్కక నోటనుండి నోటికి వచ్చిన పాటలు పెక్కు గలవు. నలుగుపాట, తలుపుదగ్గఱి పాట, అప్పగింతల పాట, గొబ్బిపాట, లాలి, హారతి, ‘ఊర్మిళాదేవి నిద్ర’ వంటి దీర్ఘగాథలు, ఇవి యన్నియు నేటికిని వృద్ధస్త్రీల కంఠములయందే వసించుచున్నవి. మా విడవలూరు ప్రాంతమున వరినాట్లు వేయు స్త్రీల పాటలును అట్టివే. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడెను. వింజమూరి అనసూయాదేవిగారు జానపదగేయములను సేకరించి స్వరసహితముగా బ్రకటించిరి. అట్టివారి కృషివలన పదమును స్వరమును నిలిచినవి. కాని అవ్వ గొంతులోని వణకును, పల్లవికి ముందామె తీసికొను నూపిరియు నే పుస్తకమునను ముద్రింపబడవు. అవి నిలువవలెనన్న ధ్వనిలేఖన మొక్కటే మార్గము.

చేతిలో ఫోనుండగా వేఱు సాధన మెందుకని కొందఱడుగవచ్చును. ఏమియు లేనిచోట ఫోనైనను మేలే. కాని యది సంభాషణమున కనువుగా జేయబడినది. చిన్నధ్వనిని తానే పెంచును, పెద్దధ్వనిని తానే యణచును. రొదయని భ్రమించి యొకప్పుడు దీర్ఘస్వరము తుదను గోసివేయును. పాటను పాటగా నుంచుటకు మంచి మైకును, ఆడియో ఇంటర్‌ఫేసును వలెను.

మైకు ధ్వనిని మిక్కిలి స్వల్పమైన విద్యుత్తరంగముగా మార్చును. ఆ తరంగమును బెంచి, అంకెలుగా మార్చి, యు.ఎస్.బి. తీగద్వారా కంప్యూటరునకు జేర్చు చిన్నపెట్టెయే యీ ఇంటర్‌ఫేసు. మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనములవఱకు వినగలదు. అందుకు రెండింతలకు మించి కొలతలు తీసినగాని ధ్వని యథాతథముగా దిరిగిరాదు. కావుననే 1982లో విక్రయమునకు వచ్చిన కాంపాక్టు డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు నిర్ణయింపబడెను. నేటి సామాన్యమైన పెట్టెలును 48,000 కొలతలను, 24 బిట్లను ఇచ్చును. అంతకు మించిన సంఖ్యలు డబ్బాపై బెద్దయక్షరములతో నున్నంతమాత్రమున అవ్వపాట మఱింత మధురము గాదు. అంగడివా డీ సంఖ్యలనే ముందుగా జూపును. మనము వేఱు విషయముల నడుగవలెను.

మొదటిది, మైకులు తగిలించు రంధ్రము లెన్ని? కచేరీ బృందములకు ఎనిమిది వలయునేమో గాని గృహమున కంత పనిలేదు. అట్లని యొక్కటియు జాలదు. మన పెద్దలు తఱచుగా నొంటరిగా బాడరు. ఒకరందింపగా నింకొక రందుకొందురు. కావున రెండు రంధ్రముల పెట్టెయే గృహమునకు దగినదని నా యభిప్రాయము. ఫోకస్‌రైటు వారి స్కార్లెట్ సోలోలో మైకునకు రంధ్ర మొక్కటి, టూ ఐ టూలో రెండు గలవు. ఇతరసంస్థల పెట్టెలను గొనునపుడును ఈ భేదమును గమనింపుడు.

రెండవది, పెట్టె యెంత నిశ్శబ్దముగా బెంచగలదు? వృద్ధుల కంఠము సన్నము. 1966నుండి ప్రసిద్ధమైన షూర్ ఎస్.ఎమ్. 58 వంటి డైనమిక్ మైకు గదిలోని చప్పుళ్లను దక్కువగా గ్రహించును గాని, పాడువారి నోటికి దగ్గఱగా నుంచవలెను. పెట్టెయు 60 డెసిబెళ్లవఱకు బెంచగలదై యుండిన మేలు. అంగడిలో మైకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, గెయిన్ మీటను హెచ్చించి, మాటలాడక వినుడు. బుస్సుమను రొద బలముగా వినవచ్చిన నా పెట్టెను విడువుడు.

మూడవది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉన్నదా? కండెన్సర్ మైకున కది యావశ్యకము. ఈ మైకు మెల్లని కూనిరాగమునుగూడ బట్టుకొనును. దానితోపాటు ఫ్యాను గాలిని, మా తీరమందలి రొయ్యలగుంటల ఏరేటర్ల మ్రోతనుగూడ బట్టుకొనును. నడిమియింట తలుపులు మూసి, గోడలకు బొంతలు వ్రేలాడదీసి, ఫ్యాను నాపి పాడించినచో సగము శ్రమ తీఱును.

నాల్గవది, పెట్టె యు.ఎస్.బి. తీగనుండియే విద్యుత్తు గ్రహించునా? అట్టిదైన లాప్‌టాప్ బ్యాటరీపై నడిచి, కరెంటు పోయిన వేళనుగూడ బనిచేయును. చార్జరు తగిలించినపుడు గుయ్యిమను మ్రోత వచ్చినచో, దానిని దీసివేయగనే తఱచుగా నది తొలగును. సముద్రతీరవాసులు మఱియొకటి గమనింపవలెను. ఉప్పుగాలి రంధ్రములలోని లోహమును దినివేయును, తేమ కండెన్సర్ మైకును జెఱచును. పని ముగియగనే రెంటిని మూతగట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచుడు.

పాడు అవ్వల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలింపకుడు. అలవాటులేనివారికి పాట తడబడును. లేఖించువారే వాని నుపయోగింపవలెను.

ఒక కంఠమును 48,000 కొలతలతో, 24 బిట్లలో గంటసేపు లేఖింప సుమారు 520 మెగాబైట్ల చోటు పట్టును. రెండు వేఱువేఱు తావుల బ్రతులుంచుడు. పాట మొదటనే పాడినవారి పేరు, ఊరు, తేది, ఎవరివద్ద నేర్చినది వారిచేతనే చెప్పింపుడు. ఆ పాటను లోకమునకు వినిపింపవచ్చునా, ఇంటివఱకే యుంచవలెనా యనియు వారినే యడుగుడు. ఇంటియవ్వయైనను, నాట్లు వేయు కూలిస్త్రీయైనను, కంఠము వారి సొత్తు. అడుగక యూట్యూబులో బెట్టుట సేకరణము గాదు, అపహరణము.

ఇంతకంటె మంచి పెట్టె వచ్చు సంవత్సరము రాక మానదు. దానికై యెదురుచూచుచు గూర్చుండకుడు. ఎనుబదేండ్లు దాటిన పెద్దలున్న యిండ్లలో ఈ పండుగ సెలవులలోనే పాడింపుడు. పెట్టె యింకను గొననివారు ఫోనుతోనైనను నారంభింపుడు.